వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కు పక్క గదిలోని కంప్యూటర్ ఎందుకు అందడం లేదు?

మా ఇంట్లో విండోస్ 11 ఉన్న డెస్క్‌టాప్‌ను ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన రౌటర్‌కు కేబుల్‌తో కలిపాను. దాని చిరునామా 192.168.1.10. ల్యాప్‌టాప్ వైఫైలో ఉంది, 192.168.1.14. రెండింట్లోనూ ఇంటర్నెట్ నిక్షేపంగా వస్తోంది. కానీ ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌లోని షేర్డ్ ఫోల్డర్ తెరవబోతే ఉలుకూ పలుకూ ఉండదు, పింగ్ చేసినా (ఉన్నావా అని చిన్న సందేశం పంపి చూసినా) జవాబు రాదు.

ముందు డెస్క్‌టాప్‌లో, వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ చూడమంటారని తెలుసు, చూశాను. నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేటులోనే ఉంది, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టుకు అనుమతీ ఉంది. పైగా అదే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపితే ఫోల్డర్ క్షణంలో తెరుచుకుంటోంది! ఇంకో ఆధారం: వైఫైలో ఉండగా పింగ్ చేసి, వెంటనే ఆర్ప్ పట్టిక (ఇంటి నెట్‌వర్క్‌లో ఏ చిరునామా ఏ పరికరానిదో ల్యాప్‌టాప్ రాసుకునే జాబితా) చూస్తే రౌటర్ మ్యాక్ చిరునామా (పరికరపు హార్డ్‌వేర్ గుర్తింపు) ఉంటుంది గానీ డెస్క్‌టాప్‌ది ఉండదు. ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకున్నా ఆర్ప్‌కు జవాబు రావాలి కదా. అందుకే వైఫై పరికరాలను మిగతావాటి నుంచి విడదీసే ఐసొలేషన్ సెట్టింగ్ మీదే నా అనుమానం. గెస్ట్ వైఫై ఆపేసే ఉంది. రౌటర్ పేజీ అంతా గాలించినా ఐసొలేషన్ అన్న మాటే లేదు. సర్వీసు వారిని అడిగితే "ఇంటర్నెట్ వస్తోంది కదండీ" అంటారు.

ఆ సెట్టింగ్‌ను సాధారణ లాగిన్‌కు కనిపించకుండా దాచి ఉంచుతారా? సొంత రౌటర్ కొంటే దాన్ని యాక్సెస్ పాయింట్‌గా (పాత రౌటర్ నెట్‌వర్క్‌కే వైఫై ఇచ్చే పెట్టెగా) మాత్రమే వాడాలా? రౌటర్‌గానే పెడితే నాట్ (ఇంట్లోని చిరునామాలను ఒకే బయటి చిరునామాగా మార్చే పని) మీద నాట్ పడి, డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ వేర్వేరు నెట్‌వర్కుల్లో పడతాయేమోనని సందేహం. ఇలాంటిది సరిచేసుకున్నవారు దారి చెప్పగలరు.