రేవు, ఊరు, బీచ్ చుట్టొచ్చే నడక: ముందు ఇసుకా, ముందు రేవా?

తీరంవెంట:
సముద్రం పక్కన మూడు నాలుగు గంటలు నడిచి బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారులు చాలా చోట్ల ఉంటాయి. ఒక పక్క చేపల రేవు, ఇంకో పక్క ఇసుక తీరం, రెంటికీ మధ్య మెరక మీద ఊరు. ఎటు నుంచి తిరిగినా దూరం ఒకటే. అయినా మా నడక బృందంలో ప్రతిసారీ ఇదే గొడవ. సగం మంది కాళ్లలో సత్తువ ఉండగానే ఇసుక దాటేసి, ఊళ్లో కాసేపు కూర్చుని, రేవు దగ్గర ముగిద్దామంటారు. మిగతావాళ్లు సరిగ్గా దానికి ఉల్టా. నా ఓటు ఇసుక ముందు. మీరేమంటారు?

నడకపిచ్చి:
ఇసుకే ముందు, అందులో అనుమానమే లేదు. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకన్నా రెండు రెట్లకు పైగా శక్తి కావాలి. ఆ పని చివరికి పెట్టుకుంటే పిక్కలు పట్టేస్తాయి. పైగా పొద్దెక్కాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. ఇసుక ఎగిరి మొహాన కొడుతుంటే నడకలో ఇంక సరదా ఏం మిగులుతుంది?

అలలలెక్క:
ఇసుక, గాలి, పిక్కలు అన్నీ అయ్యాయి, పోటుపాటుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు! పోటంటే సముద్రపు నీరు పెరగడం, పాటంటే తగ్గడం.

చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. నిండు పోటు నుంచి పూర్తి పాటుకు ఆరు గంటల పైచిలుకు. ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ పొద్దున ఏడింటికి ఖాళీగా ఉన్న ఇసుక, వారం తిరిగాక అదే ఏడింటికి నీళ్ల కింద ఉంటుంది. ఇక "ఎప్పుడూ ఇసుకే ముందు" అనే రూలు ఎలా కుదురుతుంది?

నేను రేవు ముందు అంటాను. పోటు నిండిన గంటకు రేవులో బయల్దేరి, ఊరు చుట్టుకుని, రెండున్నర గంటల్లో ఇసుకకు చేరారనుకోండి. అప్పటికి నీరు సగానికి పైగా వెనక్కి తీసి ఉంటుంది. ఇంకా తీస్తూనే ఉంటుంది కాబట్టి కాస్త ఆలస్యమైనా దారి వెడల్పవుతుందే తప్ప తగ్గదు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పిక్కల గోలా తగ్గుతుంది. అదే పూర్తి పాటుకు ఇసుకలో దిగితే ఆ నిమిషం నుంచీ నీరు పెరగడమే. చెప్పు తెగినా, మడమ బెణికినా, పోయే ప్రతి నిమిషం మీ ఖాతాలోంచే.

ఎంత వేగంగా పెరుగుతుందో చూడటానికి నావికుల పాత లెక్క ఒకటుంది. మొత్తం తేడాను పన్నెండు భాగాలు చేస్తే ఆరు గంటల్లో వరుసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు. పోటుకీ పాటుకీ 4 మీటర్ల తేడా ఉన్న చోట మధ్య రెండు గంటల్లోనే 2 మీటర్లు పెరుగుతుంది. తీరం 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉంటే నీటి అంచు గంటలో 50 మీటర్లు లోపలికొస్తుంది. మొదటి గంట చూసి "నెమ్మదిగానే వస్తోందిలే" అనుకున్నవాళ్లే ఇరుక్కుంటారు.

నడకపిచ్చి:
గంటకు 50 మీటర్లా! నడిచేవాడు గంటకు నాలుగు కిలోమీటర్లు పోతాడు మాస్టారూ. ఊరికే భయపెట్టకండి.

అలలలెక్క:
నీరు వెనకనుంచి తరుముకుంటూ రాదండీ, సమస్యంతా అక్కడే. ఒంపు తిరిగిన తీరంలో రెండు చివరలా రాతి కొమ్ములు సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. పోటు ముందు వాటి పాదాలనే ముంచుతుంది. మధ్యలో మీ కాళ్ల కింద ఇంకా పొడి ఇసుకే ఉంటుంది, ముందుకీ వెనక్కీ మాత్రం దారి ఉండదు. చదునైన తీరంలో ఇంకో రకం: ఇసుకలోని కాలవలు ముందు నిండి వెనకవైపు నుంచి చుట్టేస్తాయి. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని మోర్‌కాంబ్ బేలో ఆల్చిప్పలు ఏరుకునే కూలీలు రాత్రిపూట పోటుకు చిక్కి కనీసం 21 మంది చనిపోయారు. వాళ్లకు నడవడం రాక కాదు.

గాలివాటం:
నేను తిరిగేది మధ్యధరా తీరంలో. అక్కడ చాలా చోట్ల తేడా అడుగు లోపే. కెనడాలో ఫండీ అఖాతంలాగా 16 మీటర్లు లేచే చోట్ల లెక్కలు తెచ్చి అందరి నెత్తినా రుద్దితే ఎలా? మాకు గాలి, ఎండ చూసుకుంటే చాలు.

అలలలెక్క:
అక్కడ మీ మాటే రైటు.

రేవుమనిషి:
రేవులో పనిచేసేవాణ్ణి, నా మాట కూడా వినండి. లోతు తక్కువ రేవుల్లోకి పడవలు నీరుంటేనే వస్తాయి. పోటు వేళ రేవులో మొదలుపెట్టమంటే, మాకు ఊపిరాడని టైముకి జనాన్ని తోలుతున్నట్టే. చేపల పెట్టెలు దింపుతుంటారు, ఐసు వస్తుంటుంది, బండ్లు రివర్సులో వస్తుంటాయి. గుంజకు కట్టిన మోకు వదులుగా నేల మీద పడి ఉంటుంది. పడవ ఒక్క ఊపు ఊగితే మోకాలెత్తున బిగుసుకుంటుంది. దాన్ని దాటుతూ సెల్ఫీ తీసుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. పడవలు దింపే ఏటవాలు గచ్చు కింది సగం పచ్చగా ఉంటే అది పాచి, ఎంత మంచి బూటైనా జారుతుంది.

తీరంవెంట:
అయితే రేవు మానేసి ఊరి వెనక నుంచి పోవాలా?

రేవుమనిషి:
మానేయమని ఎవరన్నారు? రేవు తీసేస్తే అది మామూలు బీచ్ నడకే. పోటు నిండిన గంటన్నరకో ఇంకాస్త ఆగో రండి, హడావిడి తగ్గుతుంది. నీటి అంచున కాకుండా గోడ వారగా నడవండి.

నడకపిచ్చి:
బాగుంది. పోటు మధ్యాహ్నం ఒంటిగంటకైతే? రెండున్నరకు బయల్దేరి చీకట్లో ఇసుక తొక్కమంటారా?

అలలలెక్క:
అలాంటి రోజున పాటు పొద్దున ఏడింటి లోపే ఉంటుంది. తెల్లవారగానే ఇసుకలో దిగి పాటు వేళకల్లా దాటేయండి, మీ పద్ధతే సరైంది. నా పట్టు ఎటు తిరగాలన్నదాని మీద కాదు, నీరు తీస్తుండగా ఇసుక దాటాలన్నదాని మీద. తెల్లారేది ఏడింటికైతే ఆ రోజుకి ఇసుక మానేసి పైదారి పట్టండి. ఇంకోటి, అష్టమి ప్రాంతంలో పోటూ చిన్నదే, పాటూ చిన్నదే. అమావాస్య, పౌర్ణమి తర్వాత హాయిగా దాటిన రాతికొమ్ము అప్పుడు పూర్తి పాటుకు కూడా నీళ్లలోనే ఉండొచ్చు. పోటుపాటుల పట్టికలో వేళ ఒక్కటే కాదు, నీటి ఎత్తు కూడా చూడండి. కొన్ని దేశాల్లో వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు; కొన్ని పట్టికల్లో ఆ మార్పు కలపరు, గంట తేడా వస్తుంది. తుఫాను గాలి తీరం వైపు తోస్తుంటే పట్టికనూ నమ్మకండి.

గాలివాటం:
ఇసుక మధ్యలోంచి ఊరికి ఎక్కే మెట్లు ఎక్కడున్నాయో కూడా ముందే చూసుకోవాలి. ఊరి దగ్గర పొలం గేట్లు ఎలా ఉంటే అలాగే వదలాలి. ఈ రెండోదానికి ఏ పట్టికా అక్కర్లేదు.

తీరంవెంట:
ఆదివారం పట్టిక చూశాను. పోటు పొద్దున ఆరు లోపే, పాటు పన్నెండుకు. తిథి తదియ. ఏడుంబావుకి రేవు, ఊళ్లోంచి పది లోపు ఇసుక. ఈసారికి నా ఓటు మార్చుకుంటున్నాను.

నడకపిచ్చి:
వస్తాను గానీ, ఎండలో ఇసుక తొక్కిస్తున్నారని మాత్రం రాసిపెట్టుకోండి.