హాలు, డైనింగ్‌కి 2×4 గ్లాసీయా, 2×2 డబుల్ చార్జా, కరీంనగర్ గ్రానైటా?

హన్మకొండ_ఇల్లు
అందరికి నమస్తే. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. హాల్ 12×18, డైనింగ్ 10×12, రెండింటికి మధ్యల గోడ లేదు. ఇంట్ల పెద్దోళ్లు, చిన్నపిల్లలు ఉన్నరు. షాపుల 2×4 అడుగుల గ్లాసీ జీవీటీ (మీద గ్లేజు పొర ఉండే విట్రిఫైడ్ టైల్, మెరిసేది) ఏపియ్యమంటున్నరు, జాయింట్లు సగానికి సగం తగ్గుతయట. మేస్త్రి 2×2 డబుల్ చార్జ్ చాలంటడు. చుట్టాలు గ్రానైట్ అంటున్నరు. బేస్‌మెంట్ల మొరం పోసినం, బెడ్ కాంక్రీట్ ఇంకా పడలె. ఏదైతే బాగుంటదో కారణంతోని చెప్పుండ్రి.

కాజీపేట_టైల్‌పని
డబుల్ చార్జే అన్నా. దాంట్ల రంగు పొర 3 మిల్లీమీటర్ల దాక లోపలికి ఉంటది. గ్లాసీ జీవీటీల డిజైన్ అంటే పైన ప్రింటు, దానిమీద పల్చటి గ్లేజు, అంతే. డైనింగ్ల కుర్చీ రోజుకు ఎన్నిసార్లు జరుపుతరో లెక్కపెట్టుండ్రి. కాలు కింద రెండు ఇసుక రేణువులు ఉన్నా సరే, కుర్చీ జరిగే జాగల మెరుపు పోయి మబ్బు మబ్బుగ అయితది. మిగతా ఫ్లోర్ మెరుస్తనే ఉంటది కాబట్టి ఆ మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనవడ్తది.

ఇంకోటి, 2×4 టైల్ నడుమ కొంచెం వంగి ఉంటది. కొనేముందు షాపులనే రెండు టైల్స్ ముఖం ముఖం ఆనిచ్చి నిలవెట్టి చూడుండ్రి. చివర్లు తాకి నడుమ సందు వచ్చినా, నడుమ తాకి చివర్ల ఊగినా వంపు ఉన్నట్టే. ఆ సందుల రూపాయి బిళ్ల దూరితే ఆ డబ్బా వద్దు. గా టైల్‌ను ఇటుక కట్టు లెక్క సగం సగం జరిపి ఏస్తే ఒకదాని నడుమ పక్కనే ఇంకోదాని చివర వస్తది, కాలికి అంచు తగుల్తది. 2×4 ఏస్తే సీదా లైన్ల ఏయాలె, లేదంటే మూడో వంతు మాత్రమే జరపాలె.

సుబేదారి_ఇంటీరియర్
కాజీపేట మేస్త్రి గారు చెప్పిన వంపు సంగతి నిజమే. కానీ డబుల్ చార్జ్ కూడా పాలిష్ టైలే. నీళ్లు పడితే అదీ గ్లాసీలాగే జారుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో అసలు ప్రశ్న 2×2నా, 2×4నా అన్నది కాదు, మెరుపా మ్యాటా అన్నది. షాపులో టైల్ నేలమీద పెట్టి, గ్లాసెడు నీళ్లు పోసి, చెప్పులు విప్పి మడమతో రుద్ది చూడండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది. గరుకు మరీ ఎక్కువ ఉన్నదీ వద్దు, ఆ గుంటల్లో మురికి పట్టి మాప్‌కు రాదు. చేత్తో నిమిరితే సన్నగా, నీళ్లలో పట్టు ఉండేలా ఉన్న మ్యాట్ జీవీటీ తీసుకోండి. గ్లేజు అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పే పీఈఐ రేటింగ్ 4 ఉందో లేదో అడగండి, కుర్చీల సమస్యా చాలావరకు తీరుతుంది.

కరీంనగర్_రాయి
గ్రానైట్‌ను ఎవరూ లెక్కలకే తీస్కోలేదు. 18 మిల్లీమీటర్ల రాయి, అడుగుకు నాలుగున్నర కిలోలు, టైల్‌కు రెండింతల కంటె ఎక్కువ బరువు. గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి బరువుతోని ఇబ్బంది లేదు. మార్బుల్, తాండూరు రాయి మీద నిమ్మరసం, చింతపులుసు పడ్డదంటే మెరుపు తింటది, అవి సున్నపు జాతి రాళ్లు. గ్రానైట్‌కు ఆ బాధ లేదు. ఇరవై ఏండ్లకు మెరుపు తగ్గితే మళ్ల పాలిష్ పట్టియ్యొచ్చు, జీవీటీకి అది కాదు. ఒప్పుకోవాల్సింది ఒకటుంది: మా దిక్కు దొరికే టాన్ బ్రౌన్ ముదురు రంగు. కిటికీలు తక్కువున్న హాల్ చీకటి కొడ్తది, దుమ్ము కూడ బాగ కనవడ్తది. తీసుకుంటె మటుకు పలకలన్నీ ఒకే బ్లాక్‌వి అయి ఉండాలె.

జగిత్యాల_సివిల్
ముందు "జాయింట్లు సగం తగ్గుతయి" అన్న మాట తప్పు. 2×2ల చదరపు అడుగుకు ఒక అడుగు జాయింటు పడ్తది, 2×4ల ముప్పావు అడుగు. మీ 336 అడుగులకు 336 బదులు 252. తగ్గేది పావు వంతే.

ఇగ అసలు సంగతి. ఏ టైల్ ఏసినా చెడిపోయేది కిందినుంచే. మొరం ఒకేసారి పోసి మీద మీద నీళ్లు చల్లితే సరిపోదు. 6 అంగుళాల పొర, నీళ్లు, దిమ్మిస, మళ్ల పొర. నల్లరేగడి ఒక్క తట్ట కూడ కలవొద్దు, వానకాలం ఉబ్బుతది, ఎండకాలం కుంగుతది. దానిమీద 1:4:8 (సిమెంట్, ఇసుక, కంకర) కాంక్రీట్ 4 అంగుళాలు, వారం క్యూరింగ్.

టైల్స్ ఉన్నట్టుండి టప్పుమని పైకి లేస్తయి కదా, అది టైల్ నాణ్యత లోపం అనుకుంటరు. కాదు. మన దగ్గర ఎండకాలం 45 డిగ్రీల దాక పోతది. టైల్ ఎండకు, తేమకు కొంచెం సాగుతది, కింద కాంక్రీట్ ఎండుకుంట ముడుచుకపోతది. జాయింట్ల సందు లేకుంట, గోడకు అదిమి ఏస్తే సాగినదానికి పోయే తోవ ఉండదు, పైకే లేస్తది. అందుకే టైల్‌కు టైల్‌కు 2 మిల్లీమీటర్ల స్పేసర్, గోడ చుట్టూ 6 మిల్లీమీటర్ల సందు. ఆ సందుల సిమెంట్ నింపొద్దు, స్కర్టింగ్ (గోడ అడుగున ఏసే టైల్ పట్టీ) కింద ఎట్లాగు దాగుతది.

కాజీపేట_టైల్‌పని
సందు మాట వందకు వంద నిజం. మరి అతికించుడు? 2×2కు సిమెంట్-ఇసుక మాలు మీద సిమెంట్ పాలు పోసి ఏస్తే చాలు, గమ్ము (టైల్ అంటించే పొడి) ఖర్చు ఎందుకు?

జగిత్యాల_సివిల్
విట్రిఫైడ్ నీళ్లు పీల్చది, సగం శాతం లోపే. సిమెంట్ పాలు పట్టాలంటే వెనక కొంచెమన్న పీల్చాలె కదా. అట్లనే ఏస్తం అంటే టైల్ వెనకున్న తెల్లపొడి తడి బ్రష్‌తోని మొత్తం కడగాలె. చాన మంది కడగరు, వారం తర్వాత కట్టెతోని కొడితే డొల్ల సప్పుడు వస్తది. నా ఓటు గమ్ముకే. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ గమ్ము ప్రమాణం) ఉండాలె. 20 కిలోల బస్తా 3 మిల్లీమీటర్ల మందానికి 45 అడుగుల దాక వస్తది. బెడ్ ఎగుడుదిగుడుగ ఉండి 6 మిల్లీమీటర్లు పట్టిందంటే సగమే వస్తది. అందుకే పైసలు బెడ్ లెవల్ మీద పెట్టుండ్రి.

కలిపి పరిచిన గమ్ముమీద వేలు పెట్టి చూడాలె. వేలికి అంటితే టైల్ ఏయొచ్చు. పైన పొర కట్టి అంటకపోతే గీకి పడేసి కొత్తది పరచాలె, మే నెల ఎండల పది నిమిషాలకే పొర కడ్తది. నీళ్లు చల్లి మెత్తగ చేసుడు అసలే వద్దు.

సుబేదారి_ఇంటీరియర్
డైనింగ్‌లో గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపేది) మాత్రం ఎపాక్సీయే (రెజిన్‌తో చేసినది) పెట్టించండి. మామూలు సిమెంట్ గ్రౌట్ పసుపు, నూనె పీల్చి ఏడాదిలో రంగు మారుతుంది. ఆ మరక పోవాలని యాసిడ్ పోస్తే గ్రౌటే కరుగుతుంది. ఎపాక్సీ గట్టిపడకముందే తుడిచెయ్యాలి, కాబట్టి కొంచెం కొంచెం కలిపి, నాలుగైదు గజాలు నింపగానే తుడిపించండి. మ్యాట్ టైల్ మీద ఎండిపోతే వదిలించడం చాలా కష్టం.

హన్మకొండ_ఇల్లు
2×2 మ్యాట్‌కే వస్తున్న. 336 అడుగులకు ఎన్ని డబ్బాలు? షాపాయన 23 అన్నడు.

కాజీపేట_టైల్‌పని
డబ్బాకు 4 టైల్స్, పదిహేనున్నర అడుగులు. విస్తీర్ణం లెక్కన 22, ఒకటి ఎక్కువ, 23. కని 2×2 అంటే రెండడుగులు కాదు, 600 మిల్లీమీటర్లు. అడుగు పదకొండున్నర అంగుళాల పైన కొంచెం. 12 అడుగుల వెడల్పుల ఆరు టైల్స్, సందులు పోను ఇంకా అంగుళంన్నర దాక మిగుల్తది. ఆ పేలిక గుమ్మం పక్కన పడితే ఇల్లంత చెడినట్టు కనవడ్తది.

తోవ రెండు తీర్లు. ఒకటి, గుమ్మం దిక్కునుంచి నిండు టైల్ మొదలువెట్టి పేలికను సోఫా వెనక గోడకు తోసుడు. అప్పుడు 23 డబ్బాలల్ల ఫ్లోర్ అయితది, స్కర్టింగ్‌కు రెండు డబ్బాలు వేరే. రెండోది, నడుమ నుంచి మొదలువెట్టి రెండు దిక్కుల అడుగు చొప్పున కోసుడు. చూడ ముచ్చటగ ఉంటది, కని ఆ ముక్క సగం టైల్ కంటె కొంచెం పెద్దది కాబట్టి కోసిన ప్రతి ముక్కకు ఒక టైల్ పోతది: హాల్‌కు 70, డైనింగ్‌కు 42, మొత్తం 28 డబ్బాలు. మిగిలిన ముక్కలల్ల 4 అంగుళాల స్కర్టింగ్ ఎల్లుతది, దానికి వేరే కొనే పని లేదు.

ఏది చేసినా ఇంకో డబ్బా ఎక్కువ కొని అటక మీద పెట్టుండ్రి. డబ్బాలన్నిటి మీద షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒక్కటే ఉన్నయో లేదో బండి దిగేటప్పుడే చూడుండ్రి. ఏసేటప్పుడు ఒక్క డబ్బా ఖాళీ చేసి ఇంకోటి ఇప్పకుండ, మూడు నాలుగు డబ్బాలు ఇప్పి కలిపి ఏపియ్యుండ్రి.