మైకు ఇంపీడెన్స్, ప్రీయాంప్ ఇంపీడెన్స్ సమానంగా ఉండాలా? ప్రీయాంప్ మీది ఇంపీడెన్స్ నాబ్ తిప్పితే నిజంగా ఏమైనా మారుతుందా?

కొత్తమైకు:
ఇంట్లో గొంతు, గిటార్ రికార్డ్ చేసుకుంటుంటాను. సోర్స్ (సిగ్నల్ ఇచ్చేది, ఇక్కడ మైకు) ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, లోడ్ (సిగ్నల్ అందుకునేది, ఇక్కడ ప్రీయాంప్) ఇంపీడెన్స్ సమానంగా ఉంటేనే గరిష్ఠ పవర్ అందుతుందని ఒక పాత ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో చదివాను. నా డైనమిక్ మైకు 300 ఓమ్‌లు. మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్‌లో 600, 1400, 2400, 6800 అని నాలుగు సెట్టింగులున్నాయి. 300 లేనే లేదు. దగ్గరగా ఉంది కదా అని 600 పెట్టుకోవాలా? తిప్పినప్పుడు ఏదో తేడా వినబడుతోంది, అది నిజమో నా భ్రమో తేలడం లేదు. అవన్నీ అమ్ముకోవడానికి పెట్టిన నాబ్‌లని ఒక ఫ్రెండ్ కొట్టిపారేశాడు.

టంకం:
పుస్తకంలో ఉన్నది నిజమే. కానీ మైకు దగ్గర మనకు పవర్‌తో పనిలేదు, వోల్టేజీ కావాలి. 300 ఓమ్‌ల మైకుకు 300 ఓమ్‌ల లోడ్ తగిలిస్తే సగం వోల్టేజీ మైకులోనే పోతుంది, అంటే 6 డీబీ (డెసిబెల్) నష్టం. 600కి పెడితే 3.5 డీబీ, 1400కి 1.7, 2400కి 1, 6800కి 0.4 డీబీ. అందుకే లోడ్ మైకు ఇంపీడెన్స్‌కు కనీసం 5 రెట్లు, వీలైతే 10 రెట్లు ఉండాలంటారు.

నాయిస్ సంగతీ చూడండి. సమానమైన రెసిస్టర్‌ను లోడ్‌గా పెడితే సిగ్నల్ 6 డీబీ తగ్గుతుంది, థర్మల్ నాయిస్ (వేడి వల్ల రెసిస్టెన్స్‌లో సహజంగా పుట్టే సుస్‌మనే చప్పుడు, హిస్) మాత్రం 3 డీబీయే తగ్గుతుంది. అంటే మ్యాచింగ్ పేరుతో 3 డీబీ హిస్ కొని తెచ్చుకున్నట్టే. ప్రీయాంప్ ఎంత మంచిదైనా ఈ నష్టం పూడదు.

మీరు విన్న తేడా గురించి. రెసిస్టర్‌తో లోడ్ మార్చే డిజైన్ అయితే 600కీ 6800కీ మధ్య లెవెల్‌లోనే 3 డీబీ తేడా ఉంది. సౌండ్ ఎక్కువున్నదే ఎవరి చెవికైనా బాగుందనిపిస్తుంది. మీ ఫ్రెండ్ మాటలో సగం నిజముంది.

పాతవాల్వు:
టంకం గారూ, లెక్కలు బాగున్నాయి. మరి నీవ్ 1073 అనే పాత ప్రీయాంప్‌లో 300, 1200 అని స్విచ్ ఎందుకు పెట్టారు? దాన్ని డిజైన్ చేసినవాళ్లకు ఈ 5 రెట్ల రూలు తెలియదా? 300 పెట్టి వింటే సౌండ్ తగ్గదు, పెరుగుతుంది కూడా. మీ లెక్క ప్రకారం తగ్గాలిగా?

టంకం:
మంచి ప్రశ్న. 300ను 6తో భాగించండి, 50 వస్తుంది. 1200ను భాగిస్తే 200. ఆ కాలపు న్యూమన్ మైకులు కొన్నింటిలో లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వైరింగు మార్చి 50 ఓమ్‌లకో 200 ఓమ్‌లకో పెట్టుకునే వీలుండేది. అంటే ఆ స్విచ్ కూడా రూలును దాటలేదు. 300 ఉన్నది 50 ఓమ్‌ల మైకు కోసం.

సౌండ్ పెరగడానికి కారణం ప్రీయాంప్ ఇన్‌పుట్‌లోని ట్రాన్స్‌ఫార్మర్. ఇంపీడెన్స్ నాలుగో వంతు అయితే చుట్ల నిష్పత్తి రెట్టింపవుతుంది, 6 డీబీ గెయిన్ ఫ్రీగా వస్తుంది. 300 ఓమ్‌ల మైకు పెడితే లోడ్ వల్ల పోయేది పోను, 1200తో పోలిస్తే ఇంకా దాదాపు 2 డీబీ మిగులుతుంది. స్విచ్ వేయగానే బాగుందనిపించేది ఇందుకే.

రిబ్బన్‌రాగం:
ఇద్దరూ మైకును ఒక రెసిస్టర్‌లా చూస్తున్నారు. అసలు గొడవ అక్కడే. స్పెక్ షీట్‌లో రాసేది 1 కిలోహెర్ట్జ్ దగ్గరి అంకె, లేదా ఏదో నామమాత్రపు అంకె. షూర్ ఎస్‌ఎం57నే తీసుకోండి. రేటింగ్ 150 ఓమ్‌లు, అసలు విలువ 310. 150 అనుకుని 1500 లోడ్ పెట్టి పది రెట్లు ఇచ్చానని సంబరపడేవాడు నిజానికి ఇస్తున్నది ఐదు రెట్లే.

సన్నని లోహపు రేకు కదిలి సిగ్నల్ ఇచ్చే రిబ్బన్ మైకులో ఇది ఇంకా ఎక్కువ. రిబ్బన్ రెజొనెన్స్ (రేకు సహజంగానే ఎక్కువగా కంపించే చోటు) బేస్ చివర ఉంటుంది, అక్కడ ఇంపీడెన్స్ బాగా పెరుగుతుంది. అలాంటి మైకుకు తక్కువ లోడ్ పెడితే మిడ్‌లో పోయేదానికన్నా బేస్‌లో ఎక్కువ పోతుంది. గొంతు పల్చబడుతుంది. రాయర్ ఆర్-121కి 1500 ఓమ్‌లకు పైన లోడ్ ఇమ్మని కంపెనీయే చెప్పింది. లెవెల్ సమానం చేశాక కూడా ఈ తేడా వినబడుతుంది, కాబట్టి భ్రమ అనకండి.

టంకం:
రిబ్బన్ విషయంలో వాదన లేదు. మూవింగ్ కాయిల్ (డైనమిక్) మైకులోనూ డయాఫ్రమ్ రెజొనెన్స్ దగ్గర కొంత జరుగుతుంది. కండెన్సర్‌లో మాత్రం ఈ కథ నడవదు. అందులో బయటికి వచ్చేది లోపలి యాంప్లిఫైయర్ సిగ్నల్. న్యూమన్ కేఎం 184 ఔట్‌పుట్ 50 ఓమ్‌లు. 600 నుంచి 6800కి తిప్పితే మొత్తం మీద 0.6 డీబీ మారుతుంది, టోన్ మారదు. పైగా తక్కువ లోడ్ పెడితే ఆ యాంప్లిఫైయర్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి, డ్రమ్ములాంటి పెద్ద శబ్దాలకు ముందే డిస్టార్ట్ కావచ్చు. దానికి రేటెడ్ లోడ్ 1 కిలోఓమ్ అని రాసింది ఊరికే కాదు.

స్టేజివైరు:
నేను లైవ్ వాణ్ణి. నాబ్ లేనివాళ్లు కూడా రోజూ తెలియకుండా లోడ్ మారుస్తుంటారు. ఒకే మైకును వై-కేబుల్‌తో మెయిన్ మిక్సర్‌కీ మానిటర్ మిక్సర్‌కీ ఇస్తే 1500, 1500 కలిసి 750 అవుతుంది. రికార్డింగ్‌కి మూడోది లాగితే 500. అప్పుడొచ్చి "ఈ మైకు ఇవాళ డల్‌గా ఉందేంటి" అని నన్నడుగుతారు.

ఫాంటమ్ (మైకు కేబుల్‌లోనే 48 వోల్టులు పంపే ఏర్పాటు) రెసిస్టర్లనూ మరిచిపోతున్నారు. కేబుల్‌లోని రెండు సిగ్నల్ వైర్లకీ చెరొక 6.8 కిలోఓమ్‌లు ఉంటాయి కదా, మైకుకు అవి కలిపి 13.6 కిలోఓమ్‌ల లోడ్‌లా కనిపిస్తాయి. చాలా బోర్డుల్లో 48 వోల్టులు ఆఫ్ చేసినా అవి అక్కడే ఉంటాయి. అవి అలా ఉన్నంతకాలం బ్రోచర్‌లో ఎన్ని వేల ఓమ్‌లని రాసుకున్నా అసలు లోడ్ 13.6 దాటదు.

పాతవాల్వు:
సరే, ఎస్‌ఎం57ను గిటార్ యాంప్ ముందు పెట్టి 600కి తిప్పితే పై చివర కరుకుదనం తగ్గినట్టు నాకు వినబడుతుంది. లెవెల్ సరిచేశాక కూడా. రూలు దాటినందుకు ఏ మైకూ కాలిపోదు. అది కావాలని వాడుకునే టోన్ అయితే అభ్యంతరమేంటి?

టంకం:
అభ్యంతరం లేదు, దానికి మ్యాచింగ్ అని పేరు పెట్టనంతవరకు. అది ఒక చిన్న ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు). లోడ్ తెచ్చే మార్పు లీనియర్, కాబట్టి అదే ఆకారం ఈక్యూతోనూ తేవచ్చు, తర్వాత వద్దనుకుంటే తీసేయొచ్చు కూడా. రికార్డులోకి వెళ్లిపోయాక నాబ్‌ను వెనక్కి తిప్పలేం.

రిబ్బన్‌రాగం:
తేవచ్చు, కాగితం మీద. రెజొనెన్స్ ఎక్కడ, ఎంత ఎత్తు అని ప్రతి మైకుకూ కొలుస్తూ కూర్చునేదెవరు? నాబ్ ఒక్క క్లిక్కు. పోయిన బేస్‌ను ఈక్యూతో లేపితే కింది హమ్మూ దాంతోపాటు లేస్తుంది.

కొత్తమైకు:
మీరంతా కొట్టుకోండి కానీ, నా మైకుతో నేనే తేల్చుకోవాలంటే ఎలా?

టంకం:
పాడి పోల్చకండి, ఏ ఇద్దరు టేకులూ ఒకేలా రావు. రికార్డ్ చేసిన పాటను స్పీకర్‌లో ప్లే చేసి, మైకును స్టాండు మీద కదలకుండా పెట్టి, 6800తో ఒకసారి, 600తో ఒకసారి రికార్డ్ చేయండి. ప్రతి టేకు ముందూ కొద్దిసేపు 1 కిలోహెర్ట్జ్ టోన్ వినిపించి, ఆ టోన్‌ను బట్టి రెండు ఫైళ్ల లెవెల్ సమానం చేయండి. తర్వాత ఒకదాని పొలారిటీ తిప్పి (సిగ్నల్‌ను తలకిందులు చేసి), శాంపిల్ తేడా లేకుండా జరిపి, రెండూ కలిపి వినండి. దాదాపు ఏమీ మిగలకపోతే మీరు విన్నది లెవెల్ తేడాయే. కింద దబదబ మిగిలితే రెజొనెన్స్, పైన సన్నగా మిగిలితే పాతవాల్వు గారు చెప్పిన కరుకుదనం. ఏసీ, ఫ్యాను ఆపేయండి, లేకపోతే వాటి చప్పుడే మిగిలి మిమ్మల్ని తికమక పెడుతుంది.

రిబ్బన్‌రాగం:
ఎవరిదైనా రిబ్బన్ మైకు దొరికితే దాంతోనూ చెయ్యండి, అప్పుడు మాట్లాడుకుందాం. తగిలించే ముందు ఫాంటమ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. కేబుల్‌లో ఒక వైరు తెగి ఉంటే 48 వోల్టులకు ఆ రేకు సాగిపోతుంది.