యూఎస్‌బీ స్టాక్‌కి లైసెన్స్ కొనాలా? 500 పీసులకి లెక్క చెప్పండి

గోదారి_గట్టు: ఎస్‌టీ కంపెనీ మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎం32ఎఫ్103తో డేటా లాగర్ (రీడింగులు దాచే పరికరం), ఏడాదికి 500 పీసులు. పీసీకి సీడీసీ సీరియల్ (యూఎస్‌బీ మీదే సీరియల్ పోర్ట్‌లా కనిపించేది), పైగా పెన్‌డ్రైవ్‌లో ఫైలు రాయాలి. బయటి యూఎస్‌బీ స్టాక్‌కి (యూఎస్‌బీని నడిపే రెడీమేడ్ కోడ్) కొటేషన్ వేల డాలర్లలో ఉంది. ఎస్‌టీ ఇచ్చే క్యూబ్ టూల్‌తో వచ్చే లైబ్రరీ పెట్టి అమ్ముకోవచ్చా?

పాత_చిప్పు: ముందు డేటాషీట్ తెరవండి సార్. 103లో ఉన్నది డివైస్ (పీసీకి తగిలేది) ఒక్కటే, హోస్ట్ (పెన్‌డ్రైవ్‌ని నడిపేది) లేదు. పెన్‌డ్రైవ్ కావాలంటే ఓటీజీ (డివైస్, హోస్ట్ రెండూ) ఉన్న 105, 107 లేదా ఎఫ్4. పైగా 103లో యూఎస్‌బీకీ క్యాన్‌కీ (బండ్లలో వాడే డేటా బస్) కలిపి ఒకే 512 బైట్ల ర్యామ్, రెండూ ఒకేసారి నడవవు.

లైసెన్స్_లింగం: అమ్ముకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. కానీ ఆ లైబ్రరీ లైసెన్స్ ఎస్‌ఎల్‌ఏ0044 చదవండి: ఎస్‌టీ చిప్పుల మీద మాత్రమే. ఎస్‌టీ చిప్పులు దొరక్క వేరే కంపెనీ జీడీ32కి మారారా, ఆ హక్కు పోయినట్టే. టైనీయూఎస్‌బీ అనే ఉచిత స్టాక్‌ది ఎంఐటీ లైసెన్స్, ఏ చిప్ అయినా సరే, కాపీరైట్ నోటీసు జతచేస్తే చాలు. వీ-యూఎస్‌బీ స్టాక్ జోలికి మాత్రం పోకండి: జీపీఎల్. సోర్స్ ఇవ్వనంటే కమర్షియల్ లైసెన్స్ కొనాల్సిందే.

వోల్ట్_వీరయ్య: స్టాక్ గొడవ తర్వాత, వీఐడీ (తయారీదారు నంబరు) మాటేమిటి? ఆ నంబర్లిచ్చే సంస్థ యూఎస్‌బీ-ఐఎఫ్ దగ్గర సభ్యత్వం లేకుండా 6,000 డాలర్లు. మొదటి 500కి పంచితే పీసుకి 12.

బోర్డు_బుల్లోడు: అంత దండగెందుకు గురూ? ఎగ్జాంపుల్ కోడ్‌లో ఎస్‌టీ వీఐడీ, పీఐడీ (ప్రోడక్ట్ నంబరు) 0483:5740 ఉంటుందిగా, అలాగే వదిలెయ్. ఎవడడుగుతాడు?

వోల్ట్_వీరయ్య: ఎవడూ అడగడు. కస్టమర్ పీసీలో అదే నంబరుతో ఇంకో బోర్డు ఉన్నరోజు మీ సాఫ్ట్‌వేర్ దాని పోర్ట్ తెరిచి కమాండ్లు కొడుతుంది. అప్పుడు సపోర్ట్ ఫోను మీరెత్తుతారా?

బోర్డు_బుల్లోడు: ప్రోడక్ట్ పేరు చూసి వెతికితే పోలా? ఊరికే భయపెట్టకండి.

వోల్ట్_వీరయ్య: విండోస్ 10లో సీడీసీ పోర్ట్ అంటే డివైస్ మేనేజర్‌లో అందరిదీ "యూఎస్‌బీ సీరియల్ డివైస్" అనే కనిపిస్తుంది. యూఎస్‌బీ స్పెక్‌లో 9వ చాప్టర్ కంఠతా వచ్చినవాణ్ణి, నాకా చెబుతున్నారు?

బోర్డు_బుల్లోడు: కంఠతా వస్తే పరీక్ష రాసుకోండి.

పికో_పంతులు: ఆపండి బాబూ. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ చిప్ ఆర్‌పీ2040 పెడితే వాళ్ళ వీఐడీ 2ఈ8ఏ కింద పీఐడీ ఉచితం, అమ్మే వస్తువుకైనా ఇస్తారు. హోస్ట్ కూడా ఉంది, కాకపోతే కంట్రోలర్ ఒక్కటే: డివైసో హోస్టో, ఒకసారికి ఒకటే. మైక్రోచిప్ చిప్పులకైతే 10,000 పీసుల లోపు వాళ్ళ వీఐడీ 04డీ8 సబ్‌లైసెన్స్ ఉంది. 1209 వీఐడీ ఓపెన్ సోర్స్‌వాళ్ళకే.

గోదారి_గట్టు: మధ్యలో ఇంకోటి. 63 బైట్లు పంపితే పీసీలో వస్తోంది, 64 పంపితే రావట్లేదు!

పాత_చిప్పు: జెడ్‌ఎల్‌పీ (జీరో లెంగ్త్ ప్యాకెట్). సరిగ్గా 64 (ప్యాకెట్ నిండా) లేదా దాని గుణిజం పంపితే వెనకే ఖాళీ ప్యాకెట్ పంపాలి, లేకపోతే ఇంకా డేటా ఉందనుకుని హోస్ట్ కాచుకుంటుంది. పాత క్యూబ్ వెర్షన్లలో మనమే పంపుకోవాలి. డేటా పంపే ఫంక్షన్ సీడీసీ_ట్రాన్స్‌మిట్_ఎఫ్‌ఎస్ బిజీ అన్నప్పుడు మళ్ళీ పంపకపోతే ఆ డేటా గాలికే.

లైసెన్స్_లింగం: పెన్‌డ్రైవ్ సంగతి అందరూ వదిలేశారు. పెద్ద కెపాసిటీవి చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌తో వస్తాయి. ఫైళ్ళు రాసే ఫ్యాట్‌ఎఫ్‌ఎస్ కోడ్ ఉచితమే గానీ, అందులో ఎఫ్‌ఎఫ్_ఎఫ్‌ఎస్_ఎక్స్‌ఫ్యాట్ సెట్టింగ్ 1 చేసి అమ్మేముందు మైక్రోసాఫ్ట్ లైసెన్స్ సంగతి తేల్చుకోవాలి. 0 ఉంచి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసుకోమని మాన్యువల్‌లో రాసేయండి.