పాత అద్దం చట్రానికి పట్టిన మసిని బంగారు రేకు ఊడకుండా తీయడం ఎలా?

పారిస్‌లో మేముంటున్న ఇంట్లో చలువరాతి నిప్పుగూటి పైన పెట్టడానికి, పాత సామాన్ల సంతలో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కాలపు (1830–1848) తీరులో పై మూలలు గుండ్రంగా ఉన్న, 120 సెంటీమీటర్ల ఎత్తు అద్దం ఒకటి కొన్నాను. దాని చెక్క చట్రం మీది బంగారు రేకుకు నల్లగా మసి పట్టి ఉంది. మెత్తటి పొడి కుంచెతో దులిపితే దుమ్ము పోయింది కాని మసి కదలలేదు. తర్వాత దూదిని నీళ్లలో ముంచి గట్టిగా పిండి, కింది అంచున ఒక మూల రెండుసార్లు అద్దగానే బంగారం దూదికి అంటుకొని వచ్చి, అడుగునున్న ఎర్రమట్టి పూత రూపాయి బిళ్లంత మేర బయటపడింది. అక్కడితో ఆపేశాను. బజారులో దొరికే బంగారు రంగు పూయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది పాత రేకు మెరుపును చంపేస్తుంది. నీరు తగలకుండా, మిగిలిన రేకు చెదరకుండా ఈ మసిని దేనితో తీయాలి?