డ్యూయల్ డెస్కులతో గ్రూపులు కుదురుతాయా?

ప్రశ్న (కందుకూరు వైపు హైస్కూలు)
ఏడో తరగతి గది 24 అడుగుల పొడవు, 20 వెడల్పు. బోర్డు 20 అడుగుల గోడకుంది, తలుపు వరండా వైపు. పిల్లలు 36 మంది, బెంచీ కలిసున్న, ఇద్దరేసి కూర్చునే ఇనప డెస్కులు 18. వారానికి మూడు పీరియడ్లు నలుగురేసి కూర్చోవాలి, మిగతా వేళ మామూలు వరసలు. విడి బల్లలు కొనమంటున్నారు. కొనాలా?

జవాబు 1
కొనొద్దు సార్. ముందు టేపుతో డెస్కు కొలవండి. మూడున్నర అడుగుల పొడవు, బెంచీతో కలిపి మూడడుగుల లోతు అనుకుంటే, ఎదురెదురుగా పెట్టిన జత ఆరడుగులు పడుతుంది. మొత్తం తొమ్మిది జట్లు, వరసకి మూడు.

ముందు డెస్కును వెనక్కి తిప్పి ఊరుకుంటారు చాలామంది. సగం మంది వీపు బోర్డుకే! అలా కాదు, అన్నిటినీ పక్కకి తిప్పండి. సగం మంది కిటికీ వైపు, సగం మంది తలుపు వైపు చూస్తారు. బోర్డుకి మెడ తిప్పితే చాలు. వెడల్పులో 18 అడుగులు పోతాయి. మిగిలిన రెండూ తలుపు వైపే వదలండి, చెరో అడుగు పంచితే ఎటూ మనిషి పట్టడు. బోర్డు ముందు 4, వరసల మధ్య మూడేసి. వెనక మూడున్నర మిగులుతుంది, బ్యాగులక్కడ.

జవాబు 2
డెస్కు కాళ్ల సంగతి మర్చిపోకండి. నాపరాళ్ల మీద ఇనుము ఈడిస్తే పక్క క్లాసు నడవదు. కాళ్లకి తొడిగే రబ్బరు బుష్షులు 72 కావాలి, పైపు గుండ్రమో చదరమో చూసుకుని తెండి. ఉత్త బుష్షు త్వరగా చిరుగుతుంది, పైపు అంచు లోపల్నుంచి కోసేస్తుంది. బుష్షు లోపల అడుగున ఇనప వాషరు వేసి ఎక్కించండి. చక్రాలు మాత్రం వద్దు: రాళ్ల అతుకుల్లో ఇరుక్కుంటాయి, రాస్తుంటే బల్ల జరుగుతుంది.

జవాబు 3
నేల మీద ఎనామిల్ పెయింటుతో గుర్తులు పెట్టించండి మేడం/సార్: వరసకి తెలుపు, గ్రూపుకి ఎరుపు. డెస్కు కాలి కింద కాదు, కాలి పక్కన. కిందైతే కనపడక మళ్లీ వంకర్లే. ఇక జట్లు రాయడానికంటారా, ఫ్యాను గాలికి చార్టులు నిలవవు. 8×4 అడుగుల తెల్ల గ్లాసీ సన్‌మైకా రెండడుగుల చదరాలుగా కోయిస్తే ఎనిమిది బోర్డులు. తొమ్మిదో జట్టుకి మార్కాపురం పలక ఉండనే ఉంది! మ్యాట్ రకం తేవద్దు, మార్కర్ మరక పోదు. అంచులు గీసుకుంటాయి, టేపు చుట్టండి.

ప్రశ్న వేసినవారు
తలుపు లోపలికి తెరుచుకుంటుందండీ, ఆ రెండడుగుల దారిలో తగలదా?

జవాబు 1
బోర్డు దగ్గర తలుపైతే ముందున్న నాలుగడుగుల్లో తిరుగుతుంది. వెనకైతే బ్యాగులు కిటికీ మూలకి జరపండి.