అప్‌డేట్: లే మిజరాబ్ రికార్డింగులు అన్నీ విన్నాక

లే మిజరాబ్ సంగీత నాటకం ఆల్బమ్‌లలో 1985 లండన్, 1987 బ్రాడ్‌వే (న్యూయార్క్), 1988లో చేసిన కంప్లీట్ సింఫొనిక్, ఈ మూడింట్లో ముందు ఏది వినాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలామంది సింఫొనిక్ అన్నారు. మూడూ విన్నాను.

కథ మొత్తం కావాలంటే మీ మాటే కరెక్ట్. మిగతా రెండు ఆల్బమ్‌లలో వదిలేసిన చిన్న చిన్న సంభాషణ ముక్కలు కూడా సింఫొనిక్‌లో పాటగానే ఉన్నాయి, కాకపోతే మూడు సీడీలు, ఓపిక ఉండాలి. హీరోని వెంటాడే పోలీసు జావెర్‌గా ఫిలిప్ క్వాస్ట్ మాత్రం అబ్బా! జావెర్ పాట 'స్టార్స్'లో ఆయన కోపంగా అరవడు, తను చేసేది ధర్మమే అని పూర్తిగా నమ్మినవాడిలా పాడతాడు, అందుకే ఇంకా భయమేస్తుంది. హీరో వాల్‌జాన్‌గా గ్యారీ మోరిస్ నాకు ఎక్కలేదు. గొంతు బాగుంది, కానీ జైల్లో పందొమ్మిదేళ్లు మగ్గిన మనిషి వినపడడు. లండన్, బ్రాడ్‌వే రెండింట్లోనూ వాల్‌జాన్ కోల్మ్ విల్కిన్సనే, వాల్‌జాన్ పాడే 'బ్రింగ్ హిమ్ హోమ్' ఆయన గొంతుని దృష్టిలో పెట్టుకునే రాశారు, తేడా తెలిసిపోతుంది.

లండన్ ఆల్బమ్‌లో 'స్టార్స్' ముందే వచ్చేస్తుంది, వీధి పిల్లాడు గవ్రోష్ పాట పొడుగు, సింథసైజర్ మోత పక్కా ఎనభైల సరుకు. ఫాంటీన్ పాత్రలో ప్యాటీ లుపోన్ కోసం అదంతా భరించొచ్చు.

చివరికి కొన్నది మాత్రం ఒకరు కింద కామెంట్లలో ఎక్కడో చెప్పిన 1995 రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ. విల్కిన్సన్, క్వాస్ట్ ఇద్దరూ ఒకే చోట దొరుకుతుంటే ఇంకేం కావాలి? పైగా ఎపోనీన్ పాత్రలో లియా సలోంగా.